వంటింట్లోకి వచ్చిన హెడ్‌లైట్

మా కారు స్టార్టయితే పక్కనున్న రెండు మూడు కార్ల అలారాలు మోగుతాయి. నేను ఆఫీసుకు బయల్దేరానని టాంపినీస్‌లోని మా కార్ పార్కు నాలుగో అంతస్తులో అందరికీ అలా తెలిసిపోతుంది. ఎనిమిది సిలిండర్ల అమెరికన్ కారు, రెండే తలుపులు, పదమూడేళ్ల వయసు. దీన్నేసుకుని రోజూ ద్వీపం ఈ చివరి నుంచి ఆ చివరికి, జురాంగ్ ఈస్ట్‌కు వెళ్లొస్తాను. మా ఆయన ఆఫీసూ అక్కడే గానీ ఆయన ట్రైన్‌లో వెళతారు. నాకంటే ముందే చేరతారు, చేరానని మెసేజ్ పెట్టి మరీ చెబుతారు.

సింగపూర్‌లో కారు పుట్టిన రోజే దాని చావు తేదీ కూడా కాగితం మీద రాసేస్తారు. పదేళ్లకు అనుమతి ముగుస్తుంది. ఇంకో ఐదేళ్లు పొడిగించుకుంటే, ఆ తర్వాత తుక్కుకే. అందుకే చివరి ఏళ్లలో ఉన్న కారు, అందులోనూ పెట్రోలును మంచినీళ్లలా తాగే అమెరికన్ కారు, మాలాంటి వాళ్లకు కాస్త అందుతుంది. ఇలాంటిది నాకు ఇది రెండోది. మొదటిదాన్ని తుక్కు యార్డులో అప్పగించి వస్తూ బస్సులో ఏడ్చాను. ఆ వారమే వెళ్లి దీన్ని చూసుకున్నాను.

కొనడానికి మా ఆయనకు బోలెడు కారణాలు చెప్పాను. బండి దిట్టమైనది, ఎవరైనా గుద్దినా మనకేం కాదన్నాను. డిక్కీ పెద్దది, సరుకులన్నీ ఒక్కసారే తెచ్చుకోవచ్చన్నాను. తలుపులు బారెడు, పార్కింగ్ గళ్లు జానెడు కాబట్టి రోజూ పొట్ట బిగబట్టి పక్కకు జారి దిగాలన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన అన్నీ విని సరే అన్నారు. ఆ సరేలో ఉప్పూ కారం లేవు. రెండేళ్లలో ఒక్కసారి కూడా స్టీరింగ్ ముట్టుకోలేదు.

పదేళ్లు దాటిన కారుకు ఏటా తనిఖీ ఉంటుంది. మొన్న అందులో తప్పింది. ఎడమ హెడ్‌లైట్ అద్దం పగిలి లోపలికి నీళ్లు చేరాయి. మూడు వారాల్లో రోడ్డు పన్ను గడువు. ఈలోగా తనిఖీ గట్టెక్కకపోతే బండి రోడ్డెక్కకూడదు. ఆ దీపం ఇక్కడ దొరకదు, తెప్పించాలంటే రెండు నెలలన్నారు. మా ఆయన ఈ అవకాశం కోసమే కాచుకుని ఉన్నట్టు, ఈసారి కూడా తప్పితే అమ్మేద్దామన్నారు. ఏ ధైర్యంతోనో ఒప్పుకున్నాను. ఒప్పుకున్న క్షణం నుంచీ నాకు దిగులు పట్టుకుంది.

మనవాళ్లకు ఒక జబ్బుంది. ఎవరైనా విమానం ఎక్కుతున్నారంటే, వాళ్ల క్షేమం కంటే ముందు వాళ్ల సూట్‌కేసులో ఖాళీ గురించి ఆలోచిస్తాం. మా ఆయన పిన్ని, తెనాలిలో టీచరుగా రిటైరైన ఆవిడ, తోటి టీచర్లతో కలిసి అమెరికా చూడ్డానికి వెళ్లారు. తిరుగు ప్రయాణంలో మా ఇంట్లో పది రోజులు ఉండే ఏర్పాటు. ఇంకేం, వాళ్ల చివరి మజిలీ హోటలుకు హెడ్‌లైట్ ఆర్డర్ పెట్టేశాను. చిన్న లైటు అత్తయ్యా అన్నాను. ఏ బెడ్‌ల్యాంపో అనుకున్నారట. పుచ్చకాయంత పెట్టె వచ్చేసరికి తన చీరలు సగం తోటివాళ్ల సంచుల్లో సర్ది, మిగతా సగం దీనికి చుట్టి తెచ్చారు.

ఆ సంబరంతో నేరుగా మెకానిక్ అంకుల్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన చైనీస్ పెద్దాయన, నా మొదటి కారునూ ఆయనే చూసేవాడు. చీర మడతలు విప్పి, దీపాన్ని అటూ ఇటూ తిప్పి, నా వైపు జాలిగా చూశాడు. అమెరికాలో బళ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, అక్కడి దీపం వెలుగును కుడి అంచుకు చిమ్ముతుంది. మా రోడ్ల మీద అది ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. తనిఖీలో దీన్ని చూడగానే తిప్పి పంపుతారు. పన్నెండేళ్లుగా ఎడమవైపు నడుపుతున్నదాన్ని, త్వరగా చేతికొస్తోందన్న ఆశలో ఆ ఒక్క విషయం మర్చిపోయాను.

నా మొహం చూసి ఆయనకే ఉపాయం తోచింది. లోపలి దీపం మన పాతదే ఉంచి, పై అద్దం మాత్రం కొత్తదాని నుంచి తీసి వేద్దామన్నాడు. అద్దం జిగురుతో అతికి ఉంటుంది, వేడి చేస్తే ఊడుతుంది. తన షెడ్డులో అంత పెద్ద ఓవెన్ లేదు.

“యువర్ హౌస్ గాట్ ఓవెన్ ఆ?” అన్నాడు.

అలా ఒక ఆదివారం అంకుల్‌తో పాటు మా వంటింట్లోకి హెడ్‌లైట్ వచ్చింది. అత్తయ్య మొదట ముక్కు మూసుకున్నారు. మాంసం కాదు కదా, దానికంటే ఇది నయమే అని తర్వాత కుర్చీ వేసుకుని ఓవెన్ ముందే కూర్చున్నారు. అంకుల్ వాచీ చూసి దీపాన్ని బయటికి తీశాడు. అద్దం అంచున స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కగానే టక్కుమంది. నా గుండె జారిపోయింది. ఉన్నది ఆ ఒక్క అద్దమే.

“ఆగమను అమ్మాయ్,” అన్నారు అత్తయ్య. “పాకం ఇంకా రాలేదు.”

దీపాన్ని మళ్లీ లోపల పెట్టించారు. కాసేపటికి టూత్‌పిక్‌తో జిగురును కాస్త లాగి చూశారు. ముక్కలుగా తెగింది. ఇంకో నిమిషం అన్నారు. మళ్లీ లాగారు. ఈసారి అరిసెల పాకంలా సన్నటి తీగ సాగింది. “ఇప్పుడు తియ్యమను. ఆరితే మళ్లీ బిగుసుకుంటుంది.”

అద్దం ఎక్కడా గీత పడకుండా ఊడి వచ్చింది. అంకుల్ దాన్ని పక్కన పెట్టి, ఆవిడ ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని నన్నడిగాడు. నేను చెబితే నమ్మలేదు. పాత దీపం వంతు వచ్చినప్పుడు మాత్రం వాచీ తీసి జేబులో వేసుకుని, ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాడు. వారం రోజులు మా ఇంట్లో ఏం తిన్నా రబ్బరు వాసనే.

రెండో తనిఖీకి మా ఆయన కూడా వచ్చారు. అమ్మకానికి ఎవరితో మాట్లాడాలో ఆయన ఫోన్‌లో చూసుకుంటుండగా, నేను అద్దాల గది అవతల నిలబడి కొలత యంత్రం ముందున్న నా కారును చూస్తున్నాను. పరీక్ష రాసిన పిల్ల తల్లి కూడా అంత భయపడదు. లోపలున్న మనిషి వెలుగును రెండుసార్లు కొలిచి, కాగితం మీద ముద్ర వేసి ఇచ్చాడు. పాసయింది.

బయటికి వచ్చాక మా ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగారు. కొత్త అద్దాన్ని వేలితో తట్టి చూశారు.

“ఇప్పుడైనా నిజం చెప్పు. ఇది మనకెందుకు?”

దిట్టమైనదని, డిక్కీ అని నోటి దాకా వచ్చింది. వంటింట్లో ఆ టక్కు శబ్దానికి నాకు ఏమైందో గుర్తొచ్చి, అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

“ఎందుకూ కాదు. నాకిష్టం.”

“ఆ ముక్క మొదటిరోజే అంటే సరిపోయేదిగా,” అన్నారు. తాళం ఇమ్మని చెయ్యి చాపారు.

నాకు నలభై మూడేళ్లు. ఇష్టం అంటే చాలునని అంతవరకూ నాతో ఎవరూ అనలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.