పంపకాల్లో మిగిలిపోయిన ట్యాంకు

మా వీధి తవ్వడానికి జేసీబీ వచ్చిన రోజు వీధంతా సంతోషించింది, నేను తప్ప.

తిరుత్తణిలో మాది పాత వీధి. నేతవాళ్ళు కట్టుకున్న పొడుగాటి ఇళ్ళు. ముందు వాకిలి ఒక వీధిలో ఉంటే వెనక వాకిలి ఇంకో వీధిలో ఉంటుంది. గట్టిగా వాన పడితే కాలువ నీళ్ళు మెట్లెక్కి వచ్చేవి. తాగే నీళ్ళ పైపు ఎక్కడో పగిలిపోయి కుళాయిలో మురుగు వాసన వచ్చేది. 'పాతాళ సాక్కడై' వస్తుందని ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. భూమిలోపల మురుగు పైపులు వేయడాన్ని ఇక్కడ తమిళంలో అలా అంటారు. ఇక రాదులే అని అందరూ ఆశ వదిలేసుకున్నాక అది నిజంగానే వచ్చింది. మురుగుకు కొత్త పైపులు, తాగే నీళ్ళకు కొత్త పైపులు, పైన సిమెంటు రోడ్డు. ఎదురింటావిడ జేసీబీకి నిమ్మకాయ కట్టి హారతి ఇచ్చింది. నేను కిటికీలోంచి చూస్తూ, ఇంకొన్నాళ్ళు ఆగి వచ్చుంటే దీని సొమ్మేం పోయేది అనుకున్నాను.

మా సెప్టిక్ ట్యాంకును పూడ్చేస్తారు. అదీ నా బాధ. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఆ ట్యాంకు ఉన్నన్నాళ్ళూ నాకు అక్క ఉంది.

అక్కంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. మా ఆయన అన్న భార్య. నేను ఊత్తుకోట పక్కన పల్లె నుంచి, సేద్యం చేసుకునే ఇంటి నుంచి ఈ నేతవాళ్ళ ఇంటికి వచ్చాను. మా అయ్యకు, మామగారికి ఉన్న స్నేహంవల్ల కుదిరిన సంబంధం. వచ్చిన కొత్తలో మగ్గాల చప్పుడుకు తలనొప్పి వచ్చేది. నూలు చిక్కు తీయమంటే ఇంకా చిక్కు చేసేదాన్ని. అత్తగారు అప్పటికే లేరు. అన్నీ అక్కే. తిట్టకుండా పని నేర్పింది అనను, బాగా తిట్టేది. తిట్టి, సాయంత్రం తల దువ్వి, పూలు పెట్టేది. నేను తెలుగు చదువుకున్నానని తెలిసి రాత్రి వంటయ్యాక పాత వారపత్రికలు చదివించుకునేది. మా పిల్లలకు తమిళం తప్ప చదవడం రాదు. నేనిది తెలుగులో రాస్తున్నానంటే ఇంట్లో ఎవరూ చదవలేరన్న ధైర్యం కూడా ఉంది.

మామగారు పోయాక అన్నదమ్ములకు పడలేదు. ఎందుకు పడలేదో ఇద్దరినీ విడివిడిగా అడగండి, రెండు కథలు చెబుతారు. రెండు కథల్లోనూ తప్పు రెండోవాడిదే. పెద్దమనుషులు కూర్చుని ఇంటిని అడ్డంగా కోశారు. ముందు భాగం, వంటిల్లు మాకు. వెనక భాగం, నూలు గదులు, బావి వాళ్ళకు. నడిమి వాకిట్లో గోడ లేచింది. ఇత్తడి బిందెలు, పాత బల్లలు, చివరికి రోకలి కూడా పంచుకున్నారు. ఒకాయన 'మరి ఆ ట్యాంకు సంగతి?' అని అడిగితే అన్నదమ్ములిద్దరూ తలలు తిప్పుకున్నారు. మాకు కావాలని ఎవరూ అడగని ఆస్తి అదొక్కటే. అందుకే అది ఉమ్మడిగా ఉండిపోయింది. గోడ సరిగ్గా దానిమీదుగా పోయింది.

ఆరోజే బావగారు తన ఇంటివాళ్ళెవరూ మా గడప తొక్కరని అన్నారు. మా ఆయన ఊరుకుంటాడా, అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాడు. అక్కా నేనూ వంటింట్లో నిలబడి విన్నాం. ఇక ఆ వంటింట్లో మేమిద్దరం కలిసి నిలబడేది లేదనుకున్నాను.

బజారులోనో గుడిమెట్ల దగ్గరో ఎదురుపడితే మాట్లాడుకోవద్దని మాకెవరూ చెప్పలేదు. మాట్లాడుకునేవాళ్ళం. కాని నిలబడి మాట్లాడే మాటలు వేరు. ఏం కూర, పిల్లలకు జ్వరం తగ్గిందా, అంతే. రెండు చేతుల్లో రెండు సంచులు పట్టుకుని మనసులో మాట ఎవరు చెప్పుకుంటారు?

ట్యాంకు నిండినప్పుడు మాత్రం మాకు వేరే దారి ఉండేది కాదు. దాని మూత వాళ్ళవైపు ఉంది. వాళ్ళ వెనక వీధి ఇరుకు, మురుగు లాగే లారీ పట్టదు. లారీ నిలిపే చోటు, ఇంటి పక్కగా వెనకదాకా గొట్టం లాక్కుపోయే సందు మావైపు ఉన్నాయి. వాళ్ళు మూత తీయకపోతే మాకు పని జరగదు, ఎప్పుడూ తాళమేసి ఉండే సందు తలుపు మేం తీయకపోతే వాళ్ళకు జరగదు. అన్నదమ్ములు మాట్లాడుకోరు కాబట్టి ఆ కబురు నడిపే బాధ్యత ఆడవాళ్ళమీద పడింది. నేను గోడ దగ్గరికి పోయి, "అక్కా, లారీకి చెప్పేదా?" అని కేకేసేదాన్ని. "చెప్పు మే" అని అవతలినుంచి వెంటనే జవాబు వచ్చేది, గోడకు ఆనుకునే కూర్చుందా అన్నట్టు.

లారీ రోజు వాసనకు తట్టుకోలేక మగవాళ్ళిద్దరూ పొద్దున్నే బయటికి పోయేవాళ్ళు. మా ఆయన తిరువళ్ళూరులో బట్టల షాపులో పనిచేస్తాడు. ఆరోజు మామూలు రైలుకు రెండు రైళ్ళ ముందుదే ఎక్కేసేవాడు. లారీ పోయాక సందంతా కడిగి, ఫినాయిల్ చల్లి, తలంటుకుని, ఇద్దరం ఆ సందులోనే చాపేసుకుని కూర్చునేవాళ్ళం. సందు ఎవరి గడపా కాదు కదా. అక్క పొద్దున్నే చేసి మూతపెట్టిన చింతపండు అన్నం తెచ్చేది. ముక్కులోంచి వాసన ఇంకా పోకముందే తినేవాళ్ళం. అక్కకు పెద్దకూతురి సంసారం గురించి ఉన్న దిగులు నాకు తెలిసింది అక్కడే. నాకు రెండో కాన్పు పోయినప్పుడు ఎవరిముందూ ఏడవని ఏడుపు నేను ఏడ్చిందీ అక్కడే. ఊరికి పండగలు చాలా ఉన్నాయి. నాకు మాత్రం అది ఒక్కటే.

మామూలుగా ఏడాది దాటాక నిండే ట్యాంకు తర్వాత్తర్వాత తొందరగా నిండసాగింది. నేను బట్టలుతికిన నీళ్ళు కూడా వీధి కాలువలోకి పంపకుండా బాత్రూంలోనే పారబోసేదాన్ని. ఒకసారి లారీ డ్రైవరు మూత తీసి తొంగిచూసి, "ఇన్నుం నిరంబలయే అమ్మా" అన్నాడు, ఇంకా నిండలేదే అని. నేను జవాబు వెతుక్కునేలోపలే అక్క ఖచ్చితంగా చెప్పేసింది, "నిరంబియాచ్చు, నీంగ ఎడుంగ." నిండిపోయింది, మీరు తీయండి అని. ఆ రోజు చాపమీద కూర్చున్నాక ఆమె మొహం చూస్తే నాకు అనుమానం వచ్చింది, ఆవిడ కూడా అవతల నీళ్ళు పారబోస్తోందని. అడగలేదు. అడిగితే ఇద్దరం మానేయాల్సి వస్తుంది.

ఇక తవ్వకం సంగతికి వస్తాను. వీధంతా నిలువు లోతు గుంత. ఇళ్ళముందు పలకలు వేసుకుని సర్కస్‌వాళ్ళలా నడిచాం. పాత పైపులు తుప్పుపట్టి పొరలు పొరలుగా ఊడి వచ్చాయి. ఇన్నాళ్ళూ వీటిలోంచి వచ్చిన నీళ్ళేనా తాగింది అని వీధివాళ్ళు వాటి చుట్టూ నిలబడి ముక్కుమీద వేలేసుకున్నారు. పని చూసే ఇంజనీరు చిన్నవయసు అమ్మాయి. ఇల్లిల్లూ తిరిగి ఎవరి కనెక్షను ఎటునుంచి అని అడిగింది. మా ఇల్లు చూసి, వెనకింటి మురుగు కూడా మా వైపు లైనుకే వాలుగా ఉంది, రెండిళ్ళకూ ఒకే పైపు, ఒకే ఛాంబరు పెడితే సులువు అంది. నా ప్రాణం లేచివచ్చింది. ఒకే పైపంటే అడ్డుపడినప్పుడు ఒకరినొకరు పిలుచుకోక తప్పదు. నేను అవునవునని తల ఊపుతుండగానే మా ఆయన వేరువేరుగా కావాలన్నాడు. ఆ అమ్మాయి వెనక వీధికి పోయి బావగారిని అడిగితే ఆయనా వేరువేరుగానే అన్నారట. అన్నదమ్ములిద్దరూ ఒక మాటమీద నిలబడింది ఇల్లు పంచుకున్నాక అదే మొదటిసారి.

కనెక్షన్లు అయ్యాక ట్యాంకును ఆఖరిసారి ఖాళీ చేయించి, పలకలు పగలగొట్టి, మట్టితో నింపాలి. దానికోసం పైన ఉన్న గోడను కొంతమేర తీసేశారు. మట్టి సర్దుకునేదాకా కొన్నాళ్ళు ఆగి గోడ కట్టాలన్నారు. ఆ కొన్నాళ్ళూ మా వాకిట్లో మనిషి పట్టేంత ఖాళీ ఉంది.

మొదటిరోజు మగవాళ్ళు బయటికి పోగానే అక్క ఆ మట్టి తొక్కుకుంటూ వచ్చింది. మోకాలు నొప్పితో ఆవిడ నడక మారిపోయింది. నేను చేయి పట్టుకోబోతే విదిలించుకుని నేరుగా వంటింట్లోకి పోయింది. తను ఏళ్ళ తరబడి వండిన చోటు. ఇప్పుడు గ్యాసు, గ్రైండరు వచ్చాయి. అన్నీ చూసి, గూట్లో చేయిపెట్టింది.

"ఏం మే, ఉప్పు ఇంకా ఈడనే పెడతా ఉండావా?"

"నువ్వు పెట్టిన చోటే కదక్కా. యాడికి మార్చేది?"

అక్క స్టవ్ వెలిగించి కాఫీ పెట్టింది. చక్కెర ఎక్కడని అడగలేదు. నేను పీటమీద కూర్చుని, కొత్త కోడలిలా, ఆవిడ ఇచ్చింది తాగాను. ఆ రోజులు మళ్ళీ కావాలని నాకెంత ఉందో, ఆ కాఫీ తాగుతుంటే తెలిసింది. 

రోజూ వచ్చేది. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "గోడ కట్టేటప్పుడు ఈడ చిన్న వాకిలి పెట్టమని చెప్పక్కా. బావగారు నీ మాట వింటారు."

మరుసటిరోజు అక్క వచ్చి పీటమీద కూర్చోకుండా గడపలోనే నిలబడింది.

"అడిగినాను మే. 'దేనికి?' అన్నాడు. ఏం చెప్పేది? ఇన్నాళ్ళూ లారీ వస్తుందని చెప్తా ఉంటిమి. ఇప్పుడు ఏం వస్తుందని చెప్పేది?"

"నన్ను చూసేదానికని చెప్పకపోతివా?"

"అది చెప్తే ఇన్నాళ్ళు లారీ యాపారం ఏందో తెలిసిపోదా?" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను గ్లాసులు కడగడానికి లేచాను.

గోడ లేచింది. కొత్త గోడ, కొత్త సిమెంటు, పాతదానికన్నా ఎత్తు, లారీతో ఇక పని లేదని సందుకు కూడా అడ్డంగా. వీధిలో రోడ్డు కూడా వేశారు. నిజం చెప్పాలి, రోడ్డు బాగుంది. మొన్న వానకు చుక్క నీరు నిలవలేదు, కుళాయిలో వాసన లేదు, దోమలు తగ్గాయి. వీధివాళ్ళు సాయంత్రాలు కుర్చీలు వేసుకుని రోడ్డుమీదే కూర్చుంటున్నారు. అందరితోపాటు నేనూ బాగుందనే అంటాను. కాని మా ఇంటి నీళ్ళు ముందు వీధిలోకి, అక్క ఇంటి నీళ్ళు వెనక వీధిలోకి పోతాయి. ఎక్కడ కలుస్తాయో, అసలు కలుస్తాయో లేదో నాకు తెలియదు. వాళ్ళ ఇంట్లో ఏం అడ్డుపడ్డా నాకు తెలియదు.

చాలా రోజులు ఓర్చుకున్నాను. బజారులో కూడా ఆవిడ కనబడలేదు. మోకాలు నొప్పి ఎక్కువై బయటికి రావడం లేదని పూలమ్మే ఆమె చెప్పింది. పిలిస్తే పలికే గోడ కూడా లేదు, ఆ ఎత్తుకు నా గొంతు దాటదు.

ఒకరోజు సాయంత్రం, మా ఆయన రైలు ఇంకా రాకముందు, తల దువ్వుకుని బయలుదేరాను. చేతిలో గిన్నెడు కూరైనా పట్టుకుపోదామా అనుకున్నాను. మళ్ళీ అదొక సాకు అవుతుంది. సాకు లేకుండానే పోవాలని పంతం పట్టి వట్టి చేతులతో నడిచాను. మా వీధి చివరిదాకా పోయి, మలుపు తిరిగి, వెనక వీధిలోకి. రోడ్డు అంతా ఒక్కటే, నున్నగా ఉంది. ఒకే ఇంటి రెండో వాకిలికి పోవడానికి అంత దూరం ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

తలుపు తట్టాను. అక్క గోడ పట్టుకుంటూ వచ్చి తీసింది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది.

"ఏమైంది మే? ఎవురికేమైంది?"

"ఎవురికీ ఏం కాలేదక్కా. ఊరికే వచ్చినా."

"ఊరికేనా?" అంది. అలా రావచ్చని ఆమెకు ఎప్పుడూ తోచినట్టు లేదు. నాకు మాత్రం ఎప్పుడు తోచింది?

లోపల టీవీ చప్పుడు తగ్గింది. "ఎవురది?" అన్నారు బావగారు.

అక్క నా కళ్ళలోకి చూసింది. చూస్తూనే, "ఎవురూ లేరు" అని చెప్పి, తలుపు దగ్గరగా లాగేసి, మోకాలు పట్టుకుని మెల్లగా వచ్చి, గడప బయట మెట్టుమీద నా పక్కన కూర్చుంది.