తేలే రాళ్ళ మీదుగా వచ్చిన కబురు

మొన్న మా కోడలు కాలి మడమలు రుద్దుకోవడానికని ఫోన్లో ఆర్డరు పెట్టి ఒక బూడిదరంగు రాయి తెప్పించింది. వాడిన మొదటిరోజే అది చెయ్యి జారి నీళ్ళ బకెట్లో పడి, మునగకుండా పైన తేలుతూ ఉండేసరికి, రాయని చెప్పి ఏ ప్లాస్టిక్కో అంటగట్టారని అమ్మినవాళ్ళని తిట్టుకుంటూ నా దగ్గరికి పట్టుకొచ్చింది. చేతిలోకి తీసుకుని చూశాను. ఒళ్ళంతా చిల్లులు, బరువే లేదు. అది అసలైన రాయేనమ్మా, అగ్నిపర్వతం కడుపులోంచి వచ్చింది, అందుకే తేలుతుంది అని చెప్పి తిరిగి ఇచ్చేశాను గానీ ఆ పూట అన్నం సయించలేదు. అలాంటి రాళ్ళు సముద్రం నిండా తేలుతున్నాయన్న కబురు నా చెవిన పడి నలభై ఏళ్ళు దాటింది. పక్కగదిలో మాట కూడా సరిగా వినపడని ఈ చెవులు ఆ కబురుని మాత్రం ఇంకా వింటూనే ఉంటాయి.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎనభైల మొదట్లో మన విశాఖపట్నం ఇంకా ఇంత ఊరు కాదు. గాజువాక అవతల ఉక్కు కర్మాగారం కోసం నేల చదును చేస్తున్నారు, ఆటోనగర్లో రేకుల షెడ్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి, రేవులోంచి పెద్ద పెద్ద ఓడలు ఇనుప ఖనిజం నింపుకుని తూర్పు దేశాలకి పోతున్నాయి. మేముండేది పాతఊళ్ళో, మేరీమాత గుడి ఉన్న కొండకింద సందులో. ఆ సందులో ఇంటికొకరు రేవుని నమ్ముకుని బతికేవాళ్ళే. ఒకరు ఓడలో, ఒకరు క్రేను మీద, ఒకరు గోడౌన్లో. నేను వైర్‌లెస్ స్టేషన్లో ఆపరేటర్ని. ఓడలు సముద్రం మీంచి పంపే టిక్కుటిక్కుల కబుర్లని చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వినడం, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టి ఎవరి పేర వచ్చిందో వాళ్ళకి చేర్చడం, ఇదీ నా పని. చేరిన రోజునే ప్రమాణం చేయించారు, విన్నది సంబంధించినవాళ్ళకి తప్ప కన్నతల్లికైనా చెప్పకూడదని. మా పెద్దాయన, అంటే స్టేషన్ పైఅధికారి, డ్యూటీ దిగే ప్రతి కుర్రాడికీ ఒకటే మాట చెప్పేవాడు, చెవులు ఇక్కడ కొక్కేనికి తగిలించి ఇంటికి పొమ్మని.

మా సందువాళ్ళకి ఈ సంగతి తెలుసు. అందుకని నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. మొగుడు నెలల తరబడి సముద్రం మీదున్న ఇల్లాలు కూడా నేను ఎదురుపడితే ఎండ గురించీ కుళాయి నీళ్ళ గురించీ మాట్లాడేది గానీ ఓడ మాట ఎత్తేది కాదు. అడగడం మర్యాద కాదు, పైగా అడిగితే చెడు జరుగుతుందన్న భయం కూడాను. ఆ మౌనానికి నేను ఎంత అలవాటు పడ్డానంటే, వాళ్ళు నన్ను చూడటం కూడా మానేశారనుకున్నాను. ఎంత తెలివితక్కువవాణ్ణో తర్వాత తెలిసింది.

మా బావ, అంటే అక్క మొగుడు, అలాంటి ఖనిజం ఓడ ఒకదానిలో ఇంజను గదిలో మిషన్లకి నూనె పెట్టే పని చేసేవాడు. నవ్వకుండా ఒక ముద్ద కూడా మింగలేని మనిషి. అక్కకి ఏడో నెల వచ్చి తొలికాన్పుకి మా ఇంటికి తీసుకొచ్చాక, ఆమెని మాకు అప్పగించి ఓడెక్కుతూ, నా భుజం మీద ఒక్కటి చరిచి, "నాను సముద్రం మీద తుమ్మినా నీకినపడిపోద్ది కదేటి బావా, మీ అక్కకి సెప్పి మందులు నువ్వే పంపీ," అన్నాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు చూసుకునే వెళ్ళాడు.

అతను వెళ్ళిన కొన్ని వారాలకి, ఒక పొద్దుటి డ్యూటీలో, ఆ ఓడ నుంచే కబురు వచ్చింది. కంపెనీవాళ్ళ ఇక్కడి ఆఫీసుకి కెప్టెను పంపినది. దగ్గర్లో ఉన్న ఒక దీవిలో కొండ బద్దలైందనీ, పట్టపగలే చీకటి పడి ఆకాశం నుంచి బూడిద కురుస్తోందనీ, నీళ్ళ మీద కనుచూపు మేర రాళ్ళు తేలుతున్నాయనీ, దీవి ఒడ్డున జనం చేతులూపుతున్నారనీ, వాళ్ళని ఎక్కించుకోవడానికి ఓడని అటు తిప్పుతున్నామనీ దాని సారాంశం. రాస్తున్నంతసేపూ చెయ్యి దాని అలవాటున అది రాసుకుపోయింది. రాయడం అయ్యాక ఓడ పేరు ఇంకోసారి చూసుకుని, కాగితం కంపెనీకి పంపాను. ఆ తర్వాత ఆ ఓడ పలకలేదు. నేనూ, నా తర్వాత డ్యూటీ ఎక్కినవాళ్ళూ పిలుస్తూనే ఉన్నాం. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు తప్ప జవాబు లేదు.

స్టేషన్లో అందరికీ కొండ భయమైతే నాకు రాళ్ళ భయం. ఓడ ఇంజను వేడెక్కిపోకుండా సముద్రపు నీళ్ళు గొట్టాల్లోంచి లాగి తిప్పుతారనీ, ఆ గొట్టాలకి గడ్డీ గాదం అడ్డుపడితేనే తమకి చుక్కలు కనబడతాయనీ బావే ఒకసారి భోజనాల దగ్గర చెప్పాడు. గడ్డికే అలాగైతే, రాళ్ళు లాక్కుంటే ఏమవుతుంది? మండుతున్న కొండ పక్కన ఇంజను ఆగిపోయిన ఓడా, దాని అడుగున మా బావా, కళ్ళు మూసినా తెరిచినా నాకు ఇదే.

ఇంతలో రేడియో వార్తల్లో ఆ కొండ సంగతి రానే వచ్చింది. ఊళ్ళో తలో మాట. పూర్ణా మార్కెట్లో ఎవరో సముద్రం అక్కడ మరిగిపోతోందన్నారట, ఇంకెవరో అక్కడ లేచిన కెరటం మన దాకా వస్తుందన్నారట. రేవు పక్క జాలరులు పడవల్ని ఇసక మీద ఇంకా పైకి లాగేసుకుని రెండుమూడు రోజులు వేటకే పోలేదు. బావ ఓడ ఆ దారినే పోయిందని మా సందులో తెలియనివాళ్ళు లేరు. అయినా అక్క నన్ను అడగలేదు. రోజూ సాయంత్రం, అమ్మ వద్దంటున్నా వినకుండా, నిండు పొట్టతో మెట్టుమెట్టుకీ ఆగుతూ కొండెక్కి, మేరీమాత దగ్గర కొవ్వొత్తి పెట్టి, గుడి గోడ పక్కన నిలబడి ఓడలు వచ్చే దారికేసి చూసి దిగేది. కిందికి వచ్చాక నాకు మంచినీళ్ళిచ్చి, డ్యూటీ బాగా జరిగిందా తమ్ముడూ అనేది. బాగానే జరిగిందనేవాణ్ణి.

నా మొహం చూసి అక్క హడలిపోకూడదని అమ్మ ముందే హెచ్చరించింది కాబట్టి, నేను నా అలవాట్లేవీ మార్చలేదు. డ్యూటీ దిగి వస్తూ సందు మొదట్లో బుట్ట పెట్టుకుని కూర్చునే చేపల పెద్దమ్మ దగ్గర ఆగడం, ఏవో నాలుగు చేపలు కొనడం, సంచీ ఊపుకుంటూ ఇంటికి రావడం, అన్నీ మామూలుగానే చేశాను. నాటకాల్లో వేషం కట్టినా నాకంటే బాగా ఎవడూ చెయ్యలేడనుకున్నాను.

వారం దాటాక, ఒక మధ్యాహ్నం, వేరే దేశపు ఓడ ఒకటి బావావాళ్ళ ఓడ కబురుని అందుకుని మాకు చేరవేసింది. ఇంజను ఆగి ఆగి నడిచినా చివరికి ఒక రేవు చేరుతున్నామనీ, సిబ్బంది అందరూ క్షేమమనీ, దీవి జనం తమతోనే ఉన్నారనీ, వానకి తడిసిన బూడిద ఏరియల్ తీగలకి పట్టేసి ఇన్నాళ్ళూ వైర్‌లెస్ పనిచెయ్యలేదనీ. అది కంపెనీ పేర వచ్చిన కబురు. కంపెనీకి పంపాను. ఇళ్ళకి చెప్పుకోవలసింది వాళ్ళు. అది ఆ రోజే చెబుతారో మర్నాడు చెబుతారో వాళ్ళిష్టం. నేను చెప్పకూడదు. మంచి కబురైనా చెప్పకూడదు! గుండెల్లో పెళ్ళి బాజాలు మోగుతుంటే మూతి బిగించుకుని ఇంటిదారి పట్టాను.

సందు మొదట్లో పెద్దమ్మ కానాగంత చేపల ధర చెప్పింది. వేటలు ఇంకా సరిగా సాగని రోజులు కదా, మండిపోయే ధర.

"ఏటి పెద్దమ్మా, ఇవి సేపలా బంగారమా? మరీ గొంతు కోసీసినట్టు సెప్తన్నావు!" అన్నాను.

ఆవిడ నాకేసి వింతగా చూసి, "ఇన్నాల్లూ అడిగినంతా ఇచ్చీసి పోయినోడివి, ఇయ్యాల లెగిసిందేటి బాబూ నోరు!" అంది.

ఇంకేముంది, చేపని ఎత్తి మొప్పలు తెరిచి చూసి బుట్టలో పడేశాను, నాలుగడుగులు వేసి వెళ్ళిపోతున్నట్టు నటించాను, ఆవిడ పిలిస్తే వెనక్కి వచ్చాను, మళ్ళీ దెబ్బలాడాను. ఆ గోల మా గుమ్మం దాకా వినబడుతోంది. గుమ్మంలో నిలబడ్డ అక్క ద్వారబంధం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. నొప్పులేమోనని అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏటీ నేదమ్మా," అంది అక్క ఏడుస్తూనే, "ఆయన బాగున్నారు. తమ్ముడు బేరం ఆడతన్నాడు."

చేపల సంచీతో అక్కడే నిలబడిపోయాను. ఆ వారం రోజులూ నేను ధర వినకుండానే డబ్బులిచ్చేస్తున్నానని నాకే తెలియదు. పెద్దమ్మకి తెలుసు, ఆవిడ ద్వారా సందుకంతా తెలుసు. పైసా దగ్గర పేచీ పెట్టే పిసినారి మనిషి నోరెత్తకుండా కొంటున్నాడంటే ఆ ఓడ నుంచి కబురు లేదన్నమాటేనని మొదటిరోజే అక్క గ్రహించేసింది. గ్రహించి కూడా, నన్ను బాధపెట్టకూడదని రోజూ మంచినీళ్ళిచ్చి డ్యూటీ బాగా జరిగిందా అని అడిగింది. నేను ఆమెని కాపాడుతున్నాననుకుంటే ఆమే నన్ను కాపాడింది. తలుచుకుంటే ఇప్పటికీ కళ్ళు తడుస్తాయి. మర్నాడు కంపెనీ మనిషి శుభవార్త మోసుకుని వచ్చేసరికి మా సందు ఆడవాళ్ళంతా నవ్వుతూ అతనికి కాఫీ ఇచ్చారట. ఈ కథ పాకి పాకి మా పెద్దాయన చెవిన కూడా పడింది. పిలిపించాడు. ఉద్యోగం పోయిందనుకుని వెళ్ళి నిలబడితే, ఇంతకీ ఆ చేపలు ఎంతకిచ్చిందిరా అని మాత్రం అడిగాడు.

బావ తిరిగొచ్చేసరికి అక్క ఒళ్ళో ఆడపిల్ల. మనిషి సగమయ్యాడు, దగ్గు పట్టుకుంది, నవ్వు తగ్గింది. కూతుర్ని ఎత్తుకుని అరుగు మీద కూర్చుని ఆ దీవి సంగతులు కొద్దికొద్దిగా చెప్పేవాడు. వానలా పడ్డ బూడిద బరువుకి తాటాకు ఇళ్ళు కూలిపోయాయట. కొబ్బరి మట్టలు విరిగి మొవ్వులు మొండిగా నిలబడ్డాయట. చీకటి చూసి కోళ్ళు మధ్యాహ్నమే గూళ్ళు చేరాయట, నూతుల్లో నీళ్ళు సిమెంటు కలిపినట్టు అయిపోయాయట. అక్కడివాళ్ళూ చేపలు పట్టుకు బతికేవాళ్ళే. రాళ్ళు కమ్మేసి పడవ కదలక, తడిగుడ్డలు మూతికి చుట్టుకుని ఒడ్డున నిలబడ్డారట. వాళ్ళని ఎక్కించుకుంటున్నంతసేపూ బావావాళ్ళు కింద గొట్టాల్లోంచి చేతులతో రాళ్ళు తీస్తూనే ఉన్నారట, గోళ్ళు ఊడిపోయేదాకా.

అందులో ఒక ముసలాయన, రేవులో దిగేటప్పుడు బావ చెయ్యి పట్టుకుని వదలకుండా, ఓడ మీది వైర్‌లెస్ తీగలకేసి చూపించి, ఒక పేరు మళ్ళీ మళ్ళీ చెప్పాడట. కొడుకు పేరట. ఏ ఊళ్ళో పని చేస్తున్నాడో, ఏ దేశంలో ఉన్నాడో భాష తెలిసినవాళ్ళు అడిగినా, సముద్రం అవతల అని తప్ప చెప్పలేకపోయాడట. తను బతికున్నానని వాడికి చెప్పమన్నాడట. ఎక్కడికని పంపుతారు? పంపలేదు.

"మనకాడ నువ్వున్నావు బావా," అన్నాడు మా బావ, పిల్ల తల నిమురుతూ. "ఆ ముసిలోడికి ఎవులున్నారు?"

ఆ కొడుకు పేరు బావ నోటి వెంట విని గుర్తుపెట్టుకున్నాను. మర్నాడు స్టేషన్లో పని లేని వేళ, చిరునామా లేని కబురు పంపకూడదు కనుక, బల్ల చెక్క మీద వేళ్ళతో ఆ పేరుని టిక్కుటిక్కుమని కొట్టాను. బల్ల దాటి ఎక్కడికీ పోదని తెలిసే కొట్టాను.

బావ మళ్ళీ ఓడెక్కలేదు. ఆటోనగర్లో లేత్ మిషన్ పెట్టుకుని బతికి, కొన్నేళ్ళ కిందట వెళ్ళిపోయాడు. మా స్టేషన్లో టిక్కుటిక్కులు ఆగిపోయి కూడా చాలా కాలమైంది. ఇప్పుడు ఓడలో ఉన్న కుర్రాడు నడిసముద్రంలోంచి పెళ్ళానికి మొహం చూపించి, కూరేం వండావని అడుగుతున్నాడు. నా ఈడువాళ్ళు కలిసినప్పుడు ఆ రోజులే బాగుండేవని అంటారు, నిరీక్షణలో ఒక తీపి ఉండేదంటారు. నేనూ తలూపుతాను. కానీ కొండెక్కి దిగే మా అక్క పాదాల వాపు నేను చూశాను. అందులో తీపేమీ లేదు. ఇవాళైతే ఆ ముసలాయన జేబులోంచి ఫోను తీసి కొడుకుతో తనే చెప్పుకునేవాడు, బతికున్నానురా అని. మధ్యలో నాలాంటివాడి అవసరమే ఉండేది కాదు. ఉండకపోతేనే బాగుండేది.