వీర్రాజుగారికి ఏలూరులో ఇల్లు వెతికిన రోజు

కొత్త జిల్లాలు ఏర్పడిన ఏడాది అది. ఏలూరుకి కొత్త ఆఫీసులొచ్చాయి, వాటి వెనకే ఉద్యోగులొచ్చారు, అద్దె ఇళ్ళకి ఎప్పుడూ లేనంత గిరాకీ వచ్చింది. అప్పటికి చాలా ఏళ్ళుగా నేను ఇళ్ళు చూపించే పనిలో ఉన్నాను. మొదట్లో పవర్‌పేటలో నాకు చిన్న టైలరింగ్ షాపు ఉండేది. జాకెట్లు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు, "మీ వైపు ఏదైనా పోర్షన్ ఖాళీ ఉందాండీ?" అని అడిగేవారు. పోర్షన్ అంటే పెద్ద ఇంట్లో విడిగా వంటగది, బాత్‌రూమ్ ఉన్న వాటా. అడిగినవాళ్ళకల్లా చెబుతూ చెబుతూ కుట్టుమిషన్ మూలన పడింది, స్కూటీ రోడ్డెక్కింది.

ఆ హడావుడిలోనే మండవల్లి దగ్గర పల్లెటూరి నుంచి నాగమణిగారని ఒకావిడ ఫోన్ చేసింది. భర్త వీర్రాజుగారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఏలూరు వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. మిషన్‌లోంచి రక్తం పంపి శుభ్రం చేసే వైద్యం అది, సగం రోజు పడుతుంది. మిషన్ మీద నుంచి లేచాక మనిషి నిలబడలేడు, ఆ ఒంటితో బస్సులో ఇంటికెళ్ళాలి. "మావల్ల కావట్లేదండీ. ఆస్పత్రికి దగ్గరలో చిన్న పోర్షన్ చూడండి. ఏలూరులో మాకెవరూ తెలీదు," అందావిడ.

తేలికైన పనే అనుకున్నాను. ఆస్పత్రి చుట్టుపక్కల మూడు ఇళ్ళు చూసిపెట్టాను. చెప్పిన రోజుకి ఇద్దరూ వచ్చారు. ఆయన పొడుగాటి మనిషి, చొక్కా మాత్రం వేరేవాళ్ళది తొడుక్కున్నట్టు వదులుగా వేలాడుతోంది. మోచేతి దగ్గర డయాలసిస్ సూదులు గుచ్చినచోట కట్టు. జీవితమంతా వరిచేలు, చేపల చెరువుల మధ్య తిరిగిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళు కూడా కొలుచుకుని తాగాల్సిన స్థితి. "బాగున్నారా బాబాయిగారూ?" అని పలకరిస్తే తల ఊపారు.

ఆటో ఎక్కించుకుని తిప్పాను. మొదటి ఇంటావిడ ఆ కట్టు చూసి, "వారానికి ఎన్నిసార్లండీ?" అని అడిగింది. రెండో ఇంట్లో, "అంటుకునేది కాదు కదండీ?" అన్నారు. ఇద్దరూ ఇల్లివ్వలేమన్నారు. మూడో ఇంటాయన మర్యాదగానే మాట్లాడి, నన్ను పక్కకి పిలిచి, "ఇంట్లో ఏదైనా జరిగితే బాగుండదమ్మా, ఏమీ అనుకోకు," అన్నాడు. ఆ మాట గుమ్మం దాకా వినబడింది.

వీర్రాజుగారు తిరిగి ఆటోలో కూర్చుని, "మణీ, ఇంటికెళ్ళిపోదాం. ఇక ఆ మిషన్ కూడా వద్దు," అన్నారు. కోపం లేదు, విసుగు లేదు. భోజనంలో మారు అన్నం వద్దన్నంత మామూలుగా అన్నారు. నాగమణిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. మిషన్ మానేస్తే ఏమవుతుందో ఆ ఆటోలో ఉన్న అందరికీ తెలుసు.

వాళ్ళ ఊరి బస్సు ఎక్కిద్దామని ఆటోని కైకలూరు రోడ్డు వైపు పోనిమ్మన్నాను. ఊరు దాటబోతుండగా ఒక షాపు ముందు ఒకాయన పాలిథిన్ కవర్లో చేపని పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేపల మేత, చెరువు మందులు అమ్మే షాపు అది.

"ఆపు బాబూ," అన్నారు వీర్రాజుగారు.

మేం సాయం పట్టేలోపే దిగి వెళ్ళి కవర్లోకి తొంగి చూశారు. "శీలావతా? ఏ ఊరండీ మీ చెరువు?"

"ఆకివీడు దగ్గరండీ. పొద్దున్నుంచీ చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయండీ."

"రాత్రి మబ్బేసిందిగా, నీళ్ళలో గాలి చాలదు. మేత వేశారా ఇవాళ?"

"వేశామండీ."

"అయ్యో, రేపు వెయ్యకండి. ముందు కొత్త నీళ్ళు పెట్టండి. మోటార్ ఉందా?"

షాపు ఓనరు రాంబాబుగారు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. ఇంకో ఇద్దరు రైతులు చేరారు. ఒకాయన వీర్రాజుగారితో ఒప్పుకోలేదు, సున్నం చల్లితే చాలన్నాడు. "సున్నం ఇప్పుడెందుకండీ!" అని వీర్రాజుగారు గట్టిగా అరిచారు. అంతసేపూ గొంతే లేదనుకున్న మనిషి! ఆటోలో కూర్చున్న నాగమణిగారు ఆ గొంతు విని, "నెల్లాళ్ళయిందమ్మాయ్ ఆయన ఇలా పోట్లాడి," అంది.

కాసేపటికి ఆయన నా వైపు తిరిగి, "ఇక్కడ ఇల్లేదైనా ఉందామ్మా?" అన్నారు.

ఆ చుట్టుపక్కల నా దగ్గర ఇళ్ళేమీ లేవు. రాంబాబుగారిని అడిగాను. షాపు వెనక రెండు గదులు, వంటగది ఉన్నాయిట. ఎప్పుడో అద్దెకిచ్చేవారు, ఇప్పుడు మేత బస్తాలు వేస్తున్నారు. తలుపు తీయగానే చేపపొడి వాసన గుప్పుమంది. నాగమణిగారు ముక్కు మూసుకుంది. ఆయన మాత్రం లోపలికెళ్ళి కిటికీ తెరిచి చూశారు.

"ఆస్పత్రి ఎక్కడ, ఇదెక్కడండీ?" అందావిడ. "అర్ధరాత్రి ఊపిరాడకపోతే నేనేం చెయ్యాలి? మీకు కబుర్లు కావాలి. నాకు మీరు కావాలి."

ఆయన కిటికీ దగ్గర నుంచే, "ఇందాక చూసినలాంటి ఇంట్లో మంచం మీద పడి ఉండమంటే ఉండలేను మణీ. ఇక్కడైతే ఉంటాను. మిషన్‌కి కూడా వెళ్తాను," అన్నారు.

ఇద్దరి మాటా న్యాయమే. అప్పుడు మా ఆటో డ్రైవర్ కల్పించుకున్నాడు. "నా ఇల్లు ఈ వెనక సందేనండీ. ఏ టైమ్‌లోనైనా ఫోన్ కొట్టండి. ఆస్పత్రికి తీసుకెళ్ళే పూచీ నాది," అన్నాడు. నాగమణిగారు అతని మొహంలోకి కాసేపు చూసి, ఫోన్ నంబరు తీసుకుంది. రాంబాబుగారు బస్తాలకి వేరే చోటు చూసుకున్నారు. మధ్యాహ్నం తను భోజనానికి వెళ్ళినప్పుడు షాపులో కూర్చునే మనిషి దొరికాడని ఆయన సంతోషం ఆయనది.

వీర్రాజుగారు అక్కడ మూడేళ్ళ దాకా ఉన్నారు. మిషన్ రోజుల్లో ఆస్పత్రి, మిగతా రోజుల్లో షాపు ముందు కుర్చీ. ఆ దారిన వెళ్తే నా స్కూటీ ఆగకుండా పోయేది కాదు. "ఎవరో చేప ఇచ్చి వెళ్ళారమ్మాయ్, నువ్వు పట్టుకెళ్ళు. మీ పిన్ని ఎలాగూ నాకు ముక్కలు లెక్కపెట్టి వేస్తుంది," అనేవారు. లోపలి నుంచి పిన్నిగారు, "వింటున్నానండీ!" అని కేకేసేది. ఆ రోడ్డు మీద ఆ రెండు గొంతులూ నాకిప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి.

ఆయన పోయాక నాగమణిగారి చెల్లెలు తనకి దగ్గరగా తాడేపల్లిగూడెం వచ్చెయ్యమంది. తెలిసినవాళ్ళ ద్వారా నేనే అక్కడ మంచి పోర్షన్ చూశాను. గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు, గుమ్మంలో కుళాయి. ఆవిడ గదులన్నీ తిరిగి చూసి బాగుందంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెప్పింది: "ఇల్లు బాగుందమ్మాయ్. కానీ ఆ వీధిలో ఆయన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. షాపు దగ్గరైతే ఎవరో ఒక రైతు వచ్చి, 'బాబాయిగారు ఇలా చెప్పేవారండీ' అంటాడు. ఆ మాట వింటూ అక్కడే ఉంటాను."

ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ పనిలో నాకు నీళ్ళ వసతి, గాలి, అద్దె, అడ్వాన్సు అన్నీ తెలుసు. మనిషికి ఏ వీధి కావాలో మాత్రం ఆ దంపతుల దగ్గరే నేర్చుకున్నాను. అప్పట్నుంచీ ఊరికి కొత్తగా ఎవరొచ్చినా ముందు వాళ్ళని వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపిస్తాను. ఎవరు పలకరిస్తున్నారో, వీళ్ళు ఎవరి దగ్గర ఆగుతున్నారో చూస్తాను. ఇంటి తాళం ఆ తర్వాతే తీస్తాను.