కెజియా నేర్చిన భాష

నెల్లిమర్లలో పొద్దున్నే బిందెతో కొళాయికి వెళ్లే కెజియా తనలో తాను ఏదో వల్లిస్తూనే ఉండేది. అది ఆఫ్రికాలోని మలావీ దేశపు భాష. "సువార్త చెప్పడానికి నిన్నే అక్కడికి పంపుతాం, సిద్ధపడు" అని సంఘ కాపరి యోబు అయ్యగారు మాటిచ్చిన నాటినుంచి, రెండేళ్లుగా, ఫోనులో విని విని నేర్చుకుంది. ఉప్పునీ చీపురునీ ఆ భాషలోని పేర్లతోనే పిలిచేది. వాకిట్లో కోళ్లను "ములి బ్వాంజి", అంటే బాగున్నారా అని, పలకరించేది. వచ్చిన పెళ్లి సంబంధం వద్దంది, కాన్వెంటులో టీచరు పని మానేసింది.

సాగనంపే ప్రార్థన రోజున కొత్త తెల్లచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. అయ్యగారు వేదిక మీదకు పిలిచింది తన బావమరిది ఫినెహాసుని. ఆరాధన ముగిశాక ఆమె వెళ్లి అడిగింది.

"నన్ను కదండీ పంపుతానన్నారు. ఇదేటండి?"

"ఆడకూతురివి, ఒక్కదానివీ అంత దూరం ఏటెళ్తావమ్మా?"

"మీరు మాటిచ్చిన్నాడూ నాను ఆడదాన్నే కదండీ."

ఆయన బైబిలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఫినెహాసు ఆమె గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, ఆళ్ల బాస నాకు రాదు. నీ దగ్గర నేర్సుకోమని బావ సెప్పాడు."

కెజియా తలుపు రెక్క పూర్తిగా తెరిచింది. తర్వాత చాప పరిచింది. "మీ బావ సేసినదానికి అక్కడోళ్ల తప్పేటుంది? కూకో" అంది. ఒక్కో మాటా నాలుక తిరిగేదాకా పలికించింది. ప్రయాణం ముందురోజు అతను మోకరించి, "నా కోసం ప్రార్థన సెయ్యక్కా" అన్నాడు.

ఆమె చాప చుట్టడం మొదలుపెట్టింది. "అది నా వల్ల కాదు తమ్ముడూ. మీ బావనడుగు."