గాలి తిరిగితే ఆగే పాట

సంగారెడ్డి మార్కెట్‌లో ధాన్యం వ్యాపారం చేసే నాగభూషణం సేటు కొన్నేళ్లుగా తన ఖర్చుతో ప్రాథమిక పాఠశాలలకు పాటల టీచర్లను పంపుతున్నాడు. నేను సంగీతం టీచరుగా రిటైరయ్యాను. "పిల్లలు ఎట్ల పాడుతున్నరో ఒక్కసారి వచ్చి వినుండ్రి మేడం, నాకు రాగం తెల్వది" అని ఆయన ఫోన్ చేస్తే బయల్దేరాను.

ఉదయం ఏడున్నరకు లింగంపల్లిలో బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. పటాన్‌చెరులో ఇడ్లీ తిని, జిన్నారం మీదుగా గుమ్మడిదల వెళ్లే బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. ఈ దారిన వెళ్లేవాళ్లు షిఫ్టులు మారే వేళ తప్పించుకోండి, కాలు పెట్టడానికి చోటుండదు. మెడలో కంపెనీ కార్డు వేసుకున్న పక్క సీటాయన "కిటికీ జెర మూస్కోండ్రి మేడం" అన్నాడు. దుమ్ముకు కాబోలనుకున్నాను.

గుమ్మడిదలలో దిగి, ఆటోలో బడి ఉన్న ఊళ్లోకి వెళ్లాను. బడిలో సేటుతో పాటు దగ్గర్లోని మందుల ఫ్యాక్టరీ ఆఫీసరు కూడా ఉన్నాడు. తమ వార్షికోత్సవంలో పిల్లలు పాడితే, మండలంలో మిగతా బళ్లన్నిటికీ పాటల టీచర్ల జీతాలు కంపెనీయే ఇస్తుందట. సేటు మొహం వెలిగిపోతోంది. "నా ఒక్కనితోని ఎన్ని బళ్లయితయి మేడం" అన్నాడు.

సేటు పంపిన పాటల టీచరు సంధ్య హార్మోనియం అందుకుంది. పిల్లలు వాన పాట మొదలుపెట్టారు. శ్రుతి చక్కగా కుదిరింది. రెండో చరణంలో, ఒక మాట సగంలో ఉండగా అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. ఎవరూ సైగ చేయలేదు. చొక్కా కాలర్లు ముక్కుల మీదికి లాక్కున్నారు. ఇద్దరు లేచి కిటికీలు మూశారు. మరిచిపోయారేమో అనుకున్నాను. అప్పుడు వచ్చింది వాసన. కుళ్లిన గుడ్లు, కాలిన ప్లాస్టిక్కు కలిసినట్టు. నా కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆఫీసరు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లి కార్లో కూర్చున్నాడు.

పిల్లలు కదలలేదు. తొడల మీద వేళ్లతో తాళం వేస్తూనే ఉన్నారు. కాసేపటికి ముందు వరసలోని పాప కాలరు దించింది. ఆగిన సగం మాట దగ్గరే అందరూ మళ్లీ ఎత్తుకున్నారు. శ్రుతి తప్పలేదు.

"నీకు ముందే ఎట్ల ఎర్కైతది బిడ్డా?" అని సేటు ఆ పాపనడిగాడు.

"గొంతుల చేదైతది తాతా. గప్పుడు ఆపుతం."

"ఎవలు నేర్పిండ్రు?"

"ఎవలు నేర్పలే."

సేటు ఇంతకుముందు వచ్చినప్పుడల్లా గాలి బడి నుంచి ఫ్యాక్టరీల వైపు వీచేదట, వాసన తెలిసేది కాదట. ఆయన లేచి కారు దగ్గరికి నడిచాడు. నేనూ వెనకే వెళ్లాను.

"సారూ, మా పిల్లలు మీ ఫంక్షన్ల పాడరు."

"ఆ వాసన మా ఒక్కరిదే కాదండీ సేటుగారూ. చుట్టూ ఎన్ని యూనిట్లున్నాయో చూడండి."

"కావొచ్చు. లోపటికొచ్చి పాట ఖతమయ్యేదాక కూసోండ్రి. గప్పుడు పంపిస్త."

ఆఫీసరు అద్దం పైకెత్తుకున్నాడు. కారు వెళ్లిపోయింది. దాంతోపాటే మిగతా బళ్ల ఆశా పోయింది. సేటు నా వైపు తిరిగాడు. "పాట నేర్పిస్తే సాలనుకున్న మేడం. ఇగ రేపు కలెక్టరాఫీసుల కూసుంట" అన్నాడు.

బళ్లోనే అన్నం, పప్పు, గుడ్డు తిని మధ్యాహ్నం బస్సెక్కాను. పక్కన కూర్చున్నామె డ్యూటీ దిగి వస్తోంది. ఎక్కడికెళ్లి వస్తున్నానో చెబితే సంబరపడింది.

"మా బిడ్డ గా బళ్లెనే సదువుతది. ఇంట్ల గూడ వాన పాట పాడుతది. నడుమ జెరసేపు ఆగుతది, మళ్ల అందుకుంటది."

"ఆ వాసన మీకు రాదా?" అన్నాను.

"రోజంత ప్లాంటు లోపటనే ఉంటం గదమ్మా, నాకు వాసనలే తెల్వయి." నా వైపు తిరిగి అడిగింది. "ఎందుకట్లంటున్నవ్? పాటనే గట్లుంటది గదా?"

నేను ఆమెకు వాన పాటను నడుమ ఎక్కడా ఆగకుండా చివరిదాకా పాడి వినిపించాను.