చాట ముందు పెట్టుకున్నాక

డెబ్బైల మొదట్లో, బెంగళూరులో మానసిక చికిత్స చదువు ముగించుకొని వచ్చిన కొత్తలో, వారానికొక రోజు నిజామాబాద్ నుంచి బోధన్‌కు బస్సులో వెళ్లేదాన్ని. చెరకు ఆడే కాలం. పొగమంచులో తోటలు ఎక్కడ మొదలవుతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో తెలిసేది కాదు. చెరకు మడ్డి వాసన కిటికీలోంచి వచ్చి మత్తుగా కమ్మేది. సగం నిద్రలోనే దిగి, ఆసుపత్రిలో నాకిచ్చిన చిన్న గదిలో కూర్చునేదాన్ని. మాటలతో వైద్యమంటే అందరికీ నవ్వులాట. ‘సూది వెయ్యని డాక్టరమ్మ’ అని నాకు పేరు పెట్టారు. పైకి నవ్వేదాన్ని గాని లోపల ఉడుక్కునేదాన్ని.

ఆ గదికి ఒక పెద్దావిడ తన కోడల్ని తీసుకొచ్చింది. బీడీలు చుట్టే కుటుంబం. రెండేళ్ల కొడుకు జ్వరంతో పోయినప్పటి నుంచి కోడలు నోరు విప్పలేదు, కంట తడి పెట్టలేదు. ఇంటి పని మాత్రం చేస్తుంది.

“నాలుగు వారాలు సూస్తం డాక్టరమ్మా. గప్పటికి మాట్లాడకుంటే పట్నం తోల్కపోయి పిచ్చి దవాఖానల ఏస్తనంటున్నడు నా కొడుకు,” అంది అత్త.

నా చదువంతా బయటికి తీశాను. తలుపు మూసి, ఎదురెదురుగా కుర్చీలు వేయించాను. “చేతులు ఒళ్లో పెట్టుకొని, నావైపు చూసి, మనసులో ఏముందో చెప్పమ్మా,” అన్నాను. ఆమె గోడవైపు చూసింది. ఒళ్లో వేళ్లు మాత్రం లేనిదేదో చుడుతూనే ఉన్నాయి. అది రోగలక్షణమని నోటుబుక్కులో రాసుకున్నాను. పట్టేశానని మురిసిపోయాను కూడా. తర్వాత ఎన్నో ఏళ్లు మానసిక చికిత్స పాఠాలు చెప్పాను, పరిశోధనలు చేశాను. మౌనం మీద నేను రాసిన మొదటి వ్యాసం ఆ తప్పుతోనే మొదలవుతుంది.

మూడు వారాలు అలాగే పోయాయి. మూడో వారం తిరుగు బస్సులో కునుకు పట్టింది. ఆ కునుకులో మా ఇంటి వసారా, మధ్యాహ్నపు ఎండ, ఒళ్లో బీడీల చాటలతో మా అమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు. తలలు వంచుకొని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, గుండెలో ఉన్నదంతా చెప్పుకుంటున్నారు. చేతులు ఆగితే మాటా ఆగేది. బీడీలు చుట్టిన తల్లి కడుపున పుట్టి, ఆ ఆడమనిషి చేతులు కట్టేసి మాట్లాడమన్నాను. సిగ్గుతో మెలకువ వచ్చింది.

నాలుగో వారం చాట తెమ్మని కబురు పెట్టాను. కుర్చీలు తీసేసి చాప పరిచాను, తలుపు తెరిచే ఉంచాను. ఆమె పక్కన కూర్చొని నేనూ తునికాకు కత్తిరించాను. అన్నీ వంకరే. కత్తెరల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

“గట్ల కాదు,” అని నా చేతిలోంచి ఆకు తీసుకుంది. తల ఎత్తకుండానే చుడుతూ అంది: “పోరన్ని మట్టిల పెట్టొచ్చిన తెల్లారే చాట ముందటేసిండ్రు. ఆకు నానబెట్టి ఉండె, ఖరాబైతదని. కండ్లనీళ్లు పడితే తంబాకు తడుస్తదని ఆపుకున్న. గప్పటిసంది గవి రానేలేవు.”

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

గడప దగ్గర నిలబడ్డ అత్త అంతా విన్నది. “ఆకు నానబెట్టింది నేనే,” అంది మెల్లగా. లోపలికొచ్చి చాప మీద కూలబడి, కోడలి ఒళ్లోంచి చాట తన ఒళ్లోకి తీసుకుంది.

“నీయి నేను చుడ్త బిడ్డా. నువ్వు ఏడువు.”