పొడుగాయనకి మారు వడ్డన

"మన పిల్లని బెంచీ మీద కూర్చోబెట్టి ఎక్కడివాడినో ఆడిస్తావా? ఇంగ్లండులో కౌంటీ క్రికెట్ టీములు చేసేదీ ఇదే. బయటివాళ్ళని తెచ్చుకుని సొంత పిల్లల చేత నీళ్ళ సీసాలు మోయిస్తారు" అంటోంది కోడలు.

"ఆ బయటివాళ్ళని చూసే కదా సొంత పిల్లలు నేర్చుకునేది. రేపు ఫైనల్. నేను తండ్రిగా కాదు, కెప్టెన్‌గా ఆలోచించాలి" అంటున్నాడు మావాడు.

మధ్యలో మనవరాలు "ఇట్స్ ఫైన్, అమ్మా. ఐ విల్ క్యారీ ద డ్రింక్స్" అని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ వేసవంతా గరాజ్ తలుపుకేసి బంతులు విసిరి విసిరి, తలుపు రంగు ఊడగొట్టి, నా చేత తిట్లు తిన్న పిల్ల అది.

ఆ రోజుల్లో, అంటే నేను ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ పక్కనున్న ఈ పాయింట్ కుక్ వచ్చిన కొత్తలో, క్రికెట్ గురించి నాకు తెలిసింది తెల్లబట్టలు ఉతకడం వరకే. (పచ్చిక మరకకి పిండేసిన నిమ్మచెక్క చాలు, సబ్బు దండగ.) ఈ గొడవకి మూలం మా ఇంట్లో దిగిన ఇంగ్లీషు కుర్రాడు. గుమ్మం దాటిన ప్రతిసారీ తల కొట్టుకునేవాడు కాబట్టి పొడుగాయన అన్నాను. అక్కడ అతని కౌంటీవాళ్ళు ఒక ఆస్ట్రేలియా ఆటగాణ్ణి తెచ్చుకుని ఇతన్ని పక్కన పెట్టారట. అందుకని ఇతను ఇక్కడికొచ్చి మావాడి టీములో మా పిల్ల చోట ఆడతాడట. ఎవరింట్లో వాళ్ళుండి ఆడుకుంటే విమానం టిక్కెట్లన్నా మిగిలేవి కదా అని నా మూడో తరగతి చదువుకి తోచింది. పైగా ఆ ఇంట్లో ఈ దేశంలో పుట్టింది మనవరాలు ఒక్కతే. మిగతా అందరం బయటినుంచి దిగినవాళ్ళమే. ఉన్న ఒక్క లోకల్ మనిషీ బెంచీ మీద. ఆ మాటే అంటే "నీకు తెలీదులే అమ్మా" అన్నాడు మావాడు. సరేనని బొబ్బట్లు చెయ్యడానికి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఆరింటికే వడ్డించాను. మా వైపు అతిథి కంచం ఖాళీగా కనిపిస్తే ఇంటి ఇల్లాలికి తలవంపులు. తిన్నవాడు చెయ్యి అడ్డం పెట్టి, నాలుగుసార్లు వద్దని బతిమాలుకుంటే అప్పుడు ఒకటి తగ్గించి వేస్తాం. పొడుగాయనకి వాళ్ళమ్మ నేర్పింది వేరు: పెట్టింది వదిలేస్తే పెట్టినవాళ్ళని అవమానించినట్టట. నేను వేస్తాను, "లవ్లీ" అని అతను ఖాళీ చేస్తాడు. ఖాళీ అయింది కదా అని మళ్ళీ వేస్తాను. మర్యాదలో ఇద్దరమూ తగ్గలేదు. ముద్దపప్పు, గుత్తి వంకాయ, పులిహోర అయ్యి బొబ్బట్ల దగ్గరికి వచ్చేసరికి అతను నిట్టనిలువుగా కూర్చుని గోడకేసి చూస్తున్నాడు.

"అమ్మా, రేపు మ్యాచ్" అన్నాడు మావాడు.

"అతిథి భోంచేస్తుంటే లెక్కలెందుకురా. నోరు మూసుకుని తిను."

మనవరాలు మంచినీళ్ళకని వచ్చి అతన్ని చూసి ఆగిపోయింది. తన చోటు లాక్కున్నవాడే అయినా పాపం అనిపించినట్టుంది. "నాయనమ్మా, స్టాప్. హీ కాంట్ బ్రీద్."

"బాగానే పీలుస్తున్నాడులే. ఆ నెయ్యి గిన్నె ఇటు అందుకో."

కావాలని పెట్టావు కదూ అని మావాడు ఇప్పటికీ సాధిస్తాడు. కాదని పొయ్యి ముందు నిలబడి ప్రమాణం చేస్తాను. అయిదో బొబ్బట్టు విషయంలో మాత్రం చెయ్యను. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఒక్క బొబ్బట్టు వత్తడానికే ఆపసోపాలు పడుతుంటే, గరిటె పట్టుకుని ఆరున్నర అడుగుల మనిషి మీదికి వెళ్ళిన ఆ ముసలమ్మ గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను.

మర్నాడు పొద్దున పొడుగాయన బూటు లేసు కట్టుకోవడానికి వంగలేకపోయాడు. మావాడు అతన్ని చూశాడు, నన్ను చూశాడు, కూతురితో "బూట్లేసుకో" అన్నాడు. ఆ పిల్ల వేసిన మొదటి మూడు బంతులూ కంచె దాటిపోయాయి. నాలుగోది వికెట్టు పడగొట్టింది. మ్యాచ్ మాత్రం ఓడిపోయాం. డ్రింక్స్ వేళకి పొడుగాయన నెలలు నిండినదానిలా నడుచుకుంటూ వెళ్ళి మనవరాలికి నీళ్ళ సీసా అందించాడు. ఇద్దరూ ఏదో చెప్పుకున్నారు. తిరిగి రాగానే, పారెయ్యడం ఇష్టంలేక డబ్బాలో తెచ్చిన బొబ్బట్టు అతని ముందు పెట్టాను. రెండు చేతులూ అడ్డం పెట్టి, "చాలు, నాయనమ్మా" అన్నాడు.